కింద పెట్టాక

మామగారు పెద్దల్లుణ్ణి "మీరు" అనేవారు. చిన్నల్లుణ్ణి "ఒరేయ్" అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఈ రెండు పిలుపులూ మారలేదు. పెద్దల్లుడి కడుపులో మంటా మారలేదు.

వినేవారికి ఇది తలకిందుల బాధగా తోచవచ్చు. మర్యాద దక్కలేదని కుమిలేవారిని లోకంలో వీధికొకరిని చూస్తాం. మర్యాద దక్కిందని కుమిలినవాడు నాకు తెలిసి ఇతడొక్కడే. మనిషి లోపలి శత్రువులను పెద్దలు ఆరుగా లెక్కించి, మాత్సర్యాన్ని చిట్టచివర నిలిపారు. చివర నిలిపారంటే చిన్నదని కాదు. క్రోధం వస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మాత్సర్యం చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా వచ్చి, మన పీటమీదే కూర్చుంటుంది.

పెద్దల్లుడు బస్సు డిపోలో మెకానిక్కు. బస్సు అడుగున బరువు మోసే ఉక్కుపట్టీల కట్టలను కమాన్లు అంటారు. వాటిని విప్పడం, విరిగిన పట్టీ మార్చడం, తిరిగి బిగించడం ఇరవై నాలుగేళ్ళుగా అతడి పని. డిపోలో అందరూ "కమాన్ల మేస్త్రీ" అనేవారు. అతడి స్పానర్లు కొలతల వారీగా తోలుసంచిలో ఉండేవి, ఎవరికీ అరువు వెళ్ళేవి కావు. నీలిరంగు పనిబట్టల కింద కూడా ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగేవాడు. అతడు ఎవరినీ ఎగతాళి చేయడు గనుక అతణ్ణి ఎవరూ ఎగతాళి చేయరు. చనువు తీసుకోవడానికి ఇతరులకు ధైర్యం చాలదు, ఇవ్వడం అతడికి చేతకాదు.

మామగారు గడియారాలు బాగుచేసేవారు. ఒక కంటికి చిన్న గొట్టపుటద్దం బిగించుకుని యాభై ఏళ్ళు ఆ పని చేశారు. చేతులు వణకడం మొదలైన ఏడు దుకాణం మూసేశారు గాని చెవి మాత్రం వణకలేదు. పక్కగదిలో గోడగడియారం తడబడితే నిద్రలోంచి లేచేవారు. పెద్దల్లుడు ఆ ఇంటికి సంబంధం మాట్లాడడానికి వచ్చిన రోజున, ఆ ఇస్త్రీ చొక్కానూ గట్టి ఉద్యోగాన్నీ చూసి ఆయన లేచి నిలబడి "రండి, కూర్చోండి" అన్నారు. ఆ "కూర్చోండి" మీదనుంచి ఆయన మళ్ళీ కిందికి దిగలేదు.

చిన్నల్లుడి సంగతి వేరు. అతడిది ఎదురిల్లు. ఏడేళ్ళ వయసునుంచే గడియారాల కడుపులో ఏముందో చూడడానికి దుకాణం గడప మీద కూర్చునేవాడు, చెవి మెలి పెట్టించుకుని ఇంటికి వెళ్ళేవాడు. పెరిగి పెద్దవాడై, కార్లు బాగుచేసే షెడ్డు పెట్టి, ఆ ఇంటి రెండో పిల్లను చేసుకున్నాడు. అతడితోపాటు ఆ "ఒరేయ్" కూడా ఇంట్లోకి వచ్చింది. ఈ కారణం పెద్దల్లుడికి తెలియనిది కాదు. కానీ కారణం తెలిసినంత మాత్రాన అసూయ తగ్గుతుందా?

అన్నిటికంటే అతణ్ణి కోసినది కళ్ళజోడు. మామగారు రోజుకు నాలుగుసార్లు కళ్ళజోడు పోగొట్టుకుంటారు. "ఒరేయ్, నా కళ్ళజోడు ఎక్కడ తగలేశానో చూడరా" అని చిన్నల్లుణ్ణి కేకేస్తారు. అతడు వెతుకుతాడు, ఇద్దరూ తగవులాడుకుంటారు, చివరికి అది ఆయన జేబులోనే దొరుకుతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. చిన్నల్లుడు లేని రోజున పెద్దల్లుడు ఎదురుగా కూర్చుని ఉన్నా మామగారు తానే లేచి, గోడ తడుముకుంటూ వెతుక్కుంటారు. "నేను చూస్తాను మామయ్యగారూ" అంటే "అయ్యో, మీరు కూర్చోండి" అంటారు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ కళ్ళజోడు వెతికే భాగ్యం అతడికి కలగలేదు.

ఇలా ఉండగా కారు కుంగింది.

మామగారి కారు ఇరవై ఎనిమిదేళ్ళది, బూడిదరంగుది. గడియారాలకు తాళం ఇచ్చినట్టు ఆయన రోజూ పొద్దున్నే దాన్ని స్టార్టు చేసి, అయిదు నిమిషాలు చెవి ఒగ్గి విని, ఆపేవారు. ఇంజను చక్కగానే ఉంది. చక్రాల మీద బండిని మోసే స్ప్రింగులు మాత్రం ముసలివై చతికిలబడ్డాయి. గతుకు వస్తే ముందు కారు మూలిగేది, వెంటనే వెనక సీట్లో అత్తగారు మూలిగేది. ఆమెకు వెన్నుపూస నొప్పి. ప్రతి మంగళవారం ఊరికి ఆ చివరనున్న ఆసుపత్రికి వ్యాయామ చికిత్స కోసం వెళ్ళాలి. అక్కడ తగ్గిన నొప్పి తిరుగు దారిలో మళ్ళీ వచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట వచ్చింది.

"ఒరేయ్, మీ అత్తయ్య నడుం నీ చేతిలో ఉందిరా," అన్నారు మామగారు చిన్నల్లుడితో. "ఆ స్ప్రింగులూ షాకబ్జర్లూ అన్నీ పీకి కొత్తవి పెట్టెయ్. ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఒక పూట మావయ్యా. గురువారం షెడ్డుకి తోలుకొచ్చెయ్, లిఫ్టు మీదకెత్తేస్తా. సాయంత్రానికి అత్తయ్య పల్లకీలో కూర్చున్నట్టుంటుంది."

"కోతలు కొయ్యకుండా అన్నం తిను."

అందరూ నవ్వారు. పెద్దల్లుడు కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "నేను చేస్తాను," అన్నాడు.

నవ్వు ఆగింది. "మీకెందుకండీ శ్రమ, అల్లుడుగారూ?" అన్నారు మామగారు, గొంతు మార్చి. "డ్యూటీ చేసి అలిసిపోయి ఉంటారు. వీడున్నాడుగా, తిని కూర్చోడానికి!"

"బస్సుల్నే మోయించాను మామయ్యగారూ. ఇదెంత! మూడు రోజులు సెలవు పెడతాను. ఇక్కడే, మన పెరట్లోనే చేస్తాను."

బల్ల కింద భార్య కాలు తొక్కింది. అతడు పట్టించుకోలేదు.

"చెయ్యనీ మావయ్యా," అన్నాడు చిన్నల్లుడు. "అన్నయ్య చెయ్యి పడితే ఇంక తిరుగేముంది? సరుకు నేను తెప్పిస్తాలే."

చిన్నల్లుడు ఆ మాట మనసారానే అన్నాడు. పెద్దల్లుడికి మాత్రం అది తన సొత్తులోంచి ఇంత విదిల్చినట్టు వినిపించింది.

అతడి ఆశ పెద్దదేమీ కాదు. పని ముగియాలి. కారు మెత్తగా సాగాలి. అప్పుడు మామగారు ఒళ్ళు మరిచి అతడి భుజం మీద చరిచి "శభాష్‌రా" అనాలి. "శభాష్" కూడా అక్కర్లేదు, ఆ చివరి "రా" ఒక్కటి చాలు.

బుధవారం ఉదయం చిన్నల్లుడు సరుకు పెట్టెలు తెచ్చి పెరట్లో దించాడు. నాలుగు స్ప్రింగులు, నాలుగు షాకబ్జర్లు, చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప ఆర్ములు, ఆ ఆర్ముల కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షులు, సంచి నిండా కొత్త బోల్టులు. అప్పటికే పెద్దల్లుడు కారును జాకీతో ఎత్తి, నాలుగు మూలలా స్టాండుల మీద నిలబెట్టాడు. చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి.

"నేనూ ఉండనా అన్నయ్యా? చెరో పక్కా చేద్దాం."

"నీ షెడ్డు చూసుకో తమ్ముడూ."

"సరే నీ ఇష్టం." గేటు దాకా వెళ్ళిన చిన్నల్లుడు వెనక్కి తిరిగాడు. "ఒక్క మాట అన్నయ్యా. బోల్టులన్నీ కింద పెట్టాక బిగించు. మర్చిపోకు."

ఈ కథకంతా ఇరుసు ఆ వాక్యం.

తెలుగు వాక్యానికి ఒక వెసులుబాటు ఉంది. చెప్పేవాడికీ వినేవాడికీ తెలిసిన మాటను అది దిగమింగి నడవగలదు. దేన్ని కింద పెట్టాక, దేన్ని బిగించాలన్న అన్వయాన్ని ఆ ఇద్దరి మధ్య ఉన్న నెయ్యం పూరించుకోవాలి. నెయ్యం లేనిచోట ఆ ఖాళీని అసూయ పూరిస్తుంది.

డిపోలో కొత్తగా చేరినవాడికి తొలిరోజున చెప్పే తొలిపాఠం ఒకటుంది: విప్పిన బోల్టులన్నిటినీ కింద వరసగా పెట్టుకో, ఆ తర్వాతే బిగించడం మొదలుపెట్టు. లేకపోతే ఒకటి గడ్డిలో పడి పోతుంది. పెద్దల్లుడికి వినిపించింది ఆ పాఠమే. అతడి చెవులు ఎర్రబడ్డాయి.

"విన్నావా?" అన్నాడు, గిన్నెలు తోముతున్న భార్యతో. "బోల్టులు కింద పెట్టుకోవడం నాకు నేర్పుతున్నాడు మీ మరిది! అన్నం కలిపిన చెయ్యి ఎలా కడుక్కోవాలో కూడా చెప్పమను."

"మంచికే చెప్పి ఉంటాడండీ."

"మంచికే! వాడు నిక్కర్లేసుకుని గడప మీద కూర్చున్ననాటికి నేను బస్సుల కింద పడుకున్నాను. పెట్టమన్నాడుగా, పెడతాను. వాడు జన్మలో చూడనంత వరసగా పెడతాను."

అతడు అత్తగారి దగ్గరకు వెళ్ళి, పరచడానికి పాత గుడ్డ ఏదైనా ఇమ్మన్నాడు. పెద్దల్లుడుగారికి పాత గుడ్డ ఇవ్వడానికి ఆమెకు చేతులు రాలేదు. బీరువా తెరిచి, మడత విప్పని తెల్లదుప్పటి తీసి ఇచ్చింది. అతడు దాన్ని పెరట్లో పరిచి, బోల్టులను పొడవు వారీగా, నట్టు పక్కన వాషరు, వాషరు పక్కన బోల్టు చొప్పున, సైన్యాన్ని మోహరించినట్టు నిలిపాడు. మామగారు కుర్చీ తెచ్చుకుని కూర్చుని, "అబ్బ, ఎంత శుభ్రమండీ మీ పని!" అన్నారు. ఆ "అండీ" అతడికి ముల్లులా దిగింది.

పని అతడనుకున్నంత సులువుగా లొంగలేదు. ఎడమవైపు ముందు చక్రం దగ్గర పాత బోల్టు తుప్పుపట్టి ఆర్ముతో ఏకమైపోయింది. నూనె పోశాడు, సుత్తితో తట్టాడు, స్పానరుకు మూరెడు గొట్టం తొడిగి తన బరువంతా వేలాడదీశాడు. సాయంత్రం నాలుగింటికి బోల్టు కదిలినట్టే కదిలి తల విరిగింది. మిగిలిన మొండెం లోపలే ఉండిపోయింది. రెండోరోజు మధ్యాహ్నం దాకా దాన్ని తొలిచి తీయడమే సరిపోయింది. తీరా చూస్తే అదే కొలత బోల్టు సంచిలో ఒకటి తక్కువ. అతడు ఎవరికీ చెప్పలేదు. అతడు విరిగిన బోల్టు పట్టుకుని సంచి తిరగేయడం చూసి భార్య చెల్లెలికి ఫోన్ చేసిందని మాత్రం అరగంట తర్వాత మరదలు బోల్టు పట్టుకుని గేటు తీసినప్పుడు తెలిసింది.

"బావగారూ, ఆయన రెండు ఇచ్చారు. ఒకటి పోయినా ఒకటి ఉంటుందని."

"పోతుందని ముందే లెక్కేసుకున్నాడన్నమాట."

మరదలు నవ్వాలో వద్దో తెలియక అక్క వైపు చూసింది.

మూడో విఘ్నం పెట్టెలోంచే వచ్చింది. ముందు షాకబ్జర్లు రెండూ ఎడమవైపువే. కుడిది లేదు. ఇది చిన్నల్లుడు కావాలని చేసిన పనేనని పెద్దల్లుడు ఒక గంట సేపు గట్టిగా నమ్మాడు. చిన్నల్లుడు పరుగున వచ్చి, తల బాదుకుని, దుకాణంవాణ్ణి తిట్టి, గంటలో మార్చి తెచ్చాడు. అప్పటికీ ఆ నమ్మకాన్ని వదులుకోవడం పెద్దల్లుడికి కొంచెం కష్టమే అయింది.

మూడోరోజు అన్నీ అమరాయి. కారు ఇంకా స్టాండుల మీదే ఉంది. దుప్పటి మీద వరసలోంచి ఒక్కొక్క బోల్టే తీసి, ఆర్ముల కీళ్ళలో దూర్చి, స్పానరుకు గొట్టం తొడిగి, పళ్ళు బిగించి, ప్రతి నట్టునూ కడంటా బిగించాడు. ఇరవై నాలుగేళ్ళుగా అతడు అలాగే బిగించాడు. బస్సు కమాన్ల కీళ్ళలో ఉండేవి గ్రీజులో మునిగిన ఇత్తడి బుష్షులు. గాలిలో బిగించినా, నేలమీద బిగించినా అవి స్వేచ్ఛగా తిరుగుతాయి. చిన్నకార్ల రబ్బరు ధర్మం వేరని అతడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడు ఒక్కడున్నాడు. ఆ చెప్పింది మరోలా వినబడింది.

స్టాండులు తీశాక కారు కోడెగిత్తలా మోర ఎత్తి నిలబడింది.

"బాగా లేచిందండీ," అన్నారు మామగారు. చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు జోడించి, "మీకు చాలా శ్రమ ఇచ్చాం," అన్నారు. పెద్దల్లుడు ఒక్క క్షణం భుజం కొంచెం వంచి నిలబడ్డాడు. చేయి పడలేదు.

సాయంత్రం చిన్నల్లుడు వచ్చి, వంగి చక్రాల మీది ఖాళీ చూసి, కనుబొమలు ముడిచాడు. "ఎత్తు కొంచెం ఎక్కువుందే. కింద పెట్టాకే బిగించావు కదా అన్నయ్యా?"

"ఆఁ. దుప్పటి పరిచి మరీ."

"దుప్పటా?"

"ఇంకా తివాచీ పరవాలా?" అని పెద్దల్లుడు సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చిన్నల్లుడు కాసేపు దుప్పటి గురించి ఆలోచించి, అర్థంకాక, టీ తాగి ఇంటికి పోయాడు.

రెండు వారాలు గడిచాయి. కారు ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ మామగారు "దివ్యంగా ఉందండీ" అనేవారు. మూడో మంగళవారం పెద్దల్లుడు బాగుచేసిన ఒక బస్సులో, పరీక్షకోసం డ్రైవరు పక్కన కూర్చుని వెళుతున్నాడు. ఆసుపత్రి దారిలో ఒక స్టాపు దగ్గర, ఒక చేత్తో నడుం పట్టుకుని, మరో చేత్తో స్తంభం పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది. బస్సు ఆపించి దిగాడు.

"అత్తయ్యగారూ! ఇక్కడేంటి? కారు ఏమైంది?"

ఆమె దొరికిపోయిన పిల్లలా తడబడింది. "ఏం కాలేదు బాబూ. ఊరికే... బస్సెక్కి చాలా రోజులైందని."

"నడుం నొప్పి పెట్టుకుని సరదాకి బస్సెక్కారా?"

"కారు బాగానే ఉంది బాబూ. కొంచెం... ఎగరేస్తుంది. అంతే. మీ మావగారు మీకు చెప్పొద్దన్నారు. అంత శ్రమపడి చేశారాయె, నొచ్చుకుంటారని."

అతడు ఆమెను తన సీట్లో కూర్చోబెట్టి, ఆసుపత్రి దాకా నిలబడి వెళ్ళాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇదే పని చిన్నాడు చేసి ఉంటే? "ఒరేయ్ వెధవా, ఏం తగలేశావురా బండికి, మీ అత్తయ్య నడుం విరిగింది!" అని మామగారు వీధి వీధంతా వినబడేలా అరిచి ఉండేవారు. వాడు నవ్వుతూ వచ్చి సరిచేసి ఉండేవాడు. పూటలో తేలిపోయేది. తనకు మాత్రం "దివ్యంగా ఉందండీ". తోడల్లుడి సుఖాన్ని చూసి, పేరును చూసి అసూయపడడం లోకంలో ఉన్నదే. తోడల్లుడు తినని తిట్లను తలుచుకుని అసూయపడుతూ పెద్దల్లుడు ఆ రోజు బస్సులో నిలబడ్డాడు.

ఆదివారం తెల్లవారగానే వెళ్ళి, కారు వీల్‌ ఎలైన్‌మెంటుకని చెప్పి, డిపో వెనక ఖాళీ స్థలానికి తోలుకుపోయాడు. గతుకుగతుకుకీ కీచుమని చప్పుడు. చక్రాలు విప్పి చూశాడు. ఆర్ముల కీళ్ళలో రబ్బరు, పిండిన తడిగుడ్డలా మెలితిరిగి చిరిగిపోయి ఉంది. నెల తిరగని రబ్బరు! అతడి మనసులో మొదట పుట్టినది దిగులు కాదు, పాపిష్టి సంతోషం. నాసిరకం సరుకు. తెచ్చినవాడెవడు? వాడే! రెండు బుష్షులు ఊడదీసి, కాగితంలో చుట్టి, వాటి చోట తాత్కాలికంగా పాతవి దూర్చి, చక్రాలు తిరిగి బిగించి నేరుగా చిన్నల్లుడి షెడ్డుకు వెళ్ళాడు. చిన్నల్లుడు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పెద్దల్లుడు పొట్లం విప్పి బల్లమీద పడేశాడు.

"ఇదీ నువ్వు తెచ్చిన సరుకు!"

చిన్నల్లుడు బుష్షు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పెట్టి తిప్పి చూశాడు. "సరుకు మంచిదే అన్నయ్యా. ఇది బిగించినప్పుడే మెలిపడింది. గాల్లో ఉండగా బిగించావా?"

"గాల్లో కాక? బండి కింద పడుకుని పని చెయ్యాలంటే బండి పైనే కదా ఉండాలి!"

"అదేంటన్నయ్యా! అంత చెప్పానుగా, కింద పెట్టాక బిగించమని!"

"పెట్టానయ్యా! అన్నీ కిందే పెట్టాను. తెల్లదుప్పటి పరిచి, పొడవు వారీగా, ఒక్కొక్క బోల్టూ, నట్టూ, వాషరూ..."

చిన్నల్లుడి నోరు తెరుచుకుంది. టీ గ్లాసు మెల్లగా బల్లమీద పెట్టాడు.

"బోల్టులు కాదు అన్నయ్యా," అన్నాడు. "బండి! బండిని కింద పెట్టాక!"

తర్వాత చిన్నల్లుడు నవ్వడం మొదలుపెట్టాడు. స్టూలు మీద ఆగలేక నేలమీద కూర్చుని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే చెప్పాడు: బండి బరువు చక్రాల మీద పడితే ఆర్ము ఒక కోణంలో నిలుస్తుంది. అక్కడ బిగిస్తే రబ్బరుకు అది విశ్రాంతి స్థానం. గాలిలో వేలాడుతుండగా బిగించి నేలమీద దించితే రబ్బరు ఎప్పటికీ మెలిపడే ఉంటుంది. బండి ఎత్తుగా నిలబడుతుంది, ఎగరేస్తుంది, చివరికి రబ్బరు చిరుగుతుంది.

పెద్దల్లుడు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట. అతడు ఆ రోజు "దేన్ని?" అని అడిగి ఉంటే చాలు. అడిగితే చిన్నవాణ్ణవుతానని అడగలేదు.

అతడి ముఖం చూసి చిన్నల్లుడు నవ్వు ఆపాడు. కళ్ళు తుడుచుకుని లేచాడు.

"పోనీలే అన్నయ్యా. ఇంట్లో ఎవరికీ తెలియక్కర్లేదు. బుష్షులు నాసిరకానివి తెచ్చానని మావయ్యకి నేనే చెప్తా. నన్ను తిడతాడు, అంతేగా. నాకలవాటే. కొత్తవి నా దగ్గరున్నాయి."

ఎదుటివాడు తప్పును తన నెత్తిన వేసుకుంటానంటే కాదనేవారు అరుదు. పెద్దల్లుడు కూడా ఒక క్షణం తల ఊపబోయాడు. అంతలో అతడి కళ్ళముందు మామగారు కనబడ్డారు. చేయి ఊపుతూ, గొంతు పెంచి, "ఒరేయ్ వెధవా" అంటున్నారు. ఎవరిని? మళ్ళీ వీణ్ణే! తప్పు తాను చేస్తే తిట్లు కూడా వీడికేనా?

"వద్దు," అన్నాడు. "ఆ తిట్లు నావి."

"ఏంటన్నయ్యా?"

"నావి అన్నాను. నువ్వు నోరు మూసుకుని బుష్షులియ్యి."

ధర్మబుద్ధి నిజం చెప్పిస్తుందని శాస్త్రం చదివినవారం అంటాం. ఆ రోజు ఆ షెడ్డులో నిజం చెప్పించబోయింది అచ్చమైన ఈర్ష్య. భగవంతుడు తన పని చేయించుకోవడానికి మంచి పనిముట్టే దొరకాలని కూర్చోడేమో.

పెద్దల్లుడు కారును నడకవేగంతో మామగారింటికి నడిపించుకు వెళ్ళాడు. ఆయన వరండాలో కూర్చుని ఒక పాత జేబుగడియారం చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. అత్తగారు పక్కన కూర్చుని ఉంది. చిన్నల్లుడు స్కూటరు మీద వెనకే వచ్చి గేటు దగ్గర ఆగాడు.

"మామయ్యగారూ, కారు నేను పాడుచేశాను."

"అబ్బే, అలా అనకండి అల్లుడుగారూ. పాత బండి. మీరేం చేస్తారు?"

"రబ్బరు చిరిగింది. నేను తప్పుగా బిగించడం వల్ల."

"పొరపాట్లు ఎవరికైనా సహజమండీ. కూర్చోండి, టీ తాగండి."

అతడికి గోడను గుద్దుతున్నట్టుంది. ఎటునుంచి పోయినా ఆ మర్యాద అడ్డం వస్తోంది. గొంతు పెంచి, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు: "అత్తయ్యగారు నా వల్ల బస్సెక్కారు. తమ్ముడు కింద పెట్టాక బిగించమన్నాడు. బండిని కింద పెట్టాక అని వాడి అర్థం. నేనేమో బోల్టులు కింద పెట్టాలనుకున్నాను. అందుకే దుప్పటి పరిచి బోల్టులన్నీ పొడవు వారీగా కింద పెట్టి, బండిని మాత్రం పైనే ఉంచి బిగించాను!"

మామగారు జేబుగడియారం చెవి దగ్గరనుంచి దించారు. ఆయన పెదవులు కదిలాయి. ఆ మూడు రోజులూ ఆయన కుర్చీ వేసుకుని చూసిన ఆ తెల్లదుప్పటి, ఆ సైన్యం ఆయన కళ్ళముందు తిరిగినట్టుంది.

"ఓరి నీ తెలివి తెల్లవారా!" అన్నారు. "అందుకుట్రా ఆ దుప్పటి! నేనింకా ఇదేదో డిపో పద్ధతి కాబోలని నోరెళ్ళబెట్టుకు చూశాను కదరా! మూడు రోజులు నట్లకు పక్కవేసి, బండిని ఉరి తీశావుట్రా!"

"ఏమండీ, పెద్దల్లుణ్ణి పట్టుకుని..." అని అత్తగారు కంగారుగా ఆయన చేయి పట్టుకుంది. అంతలో ఆమెకూ ఏదో గుర్తొచ్చింది. "అయినా ఆ దుప్పటి గ్రీజు మరక ఈ రోజుకీ వదల్లేదు బాబూ. మూడుసార్లు ఉడకబెట్టాను."

"నువ్వుండవే! నీ నడుం విరగ్గొట్టి, దుప్పటి తగలేసి, నిలబడ్డాడు చూడు బెల్లం కొట్టిన రాయిలాగ! నోట్లో నాలుక లేదుట్రా నీకు? దేన్ని కింద పెట్టాలీ అని అడిగితే ఆస్తి కరిగిపోతుందా? వెధవ!"

అతడు తల వంచుకుని నిలబడి లెక్కపెట్టుకున్నాడు. మామగారు ఊపిరి తీసుకోవడానికి ఆగేసరికి నాలుగు "రా"లు, ఒక "వెధవ". ఇరవై రెండేళ్ళ బాకీ ఒక్క విడతలో తీరింది. ముఖం మీద పశ్చాత్తాపం నిలుపుకోవడానికి అతడు చాలా కష్టపడ్డాడు.

మరుసటి ఆదివారం కారు మళ్ళీ పెరట్లో నిలిచింది. ఈసారి స్టాండుల మీద కాదు. కొత్త బుష్షులు దూర్చి, నట్లు వదులుగా తగిలించి, నాలుగు చక్రాల కింద కొయ్యదిమ్మలు పెట్టి, బండి బరువంతా చక్రాల మీదకే దించారు. ఆ ఇరుకు సందులో పెద్దల్లుడు వెల్లకిలా దూరాడు. చిన్నల్లుడు లైటు పట్టుకున్నాడు. అత్తగారు ఒక చిరిగిన గోనెపట్టా తెచ్చి, "ఇదిగో బాబూ, ఈ రోజుకి ఇది," అని విసిరి వెళ్ళింది.

"ఒరేయ్ పెద్దాడా, బండి కిందే ఉందా?" అన్నారు మామగారు కుర్చీలోంచి.

"కిందే ఉంది మామయ్యగారూ."

"ఒకటికి రెండుసార్లు చూసుకో. నీతో జాగ్రత్తగా ఉండాలి."

చిన్నల్లుడు లైటు పక్కకు తిప్పి, గొంతు తగ్గించి అన్నాడు: "అదృష్టవంతుడివన్నయ్యా. ఇన్నేళ్ళూ నిన్ను మీరన్నాడు, ఇప్పుడు ఒరేయ్ అంటున్నాడు. రెండూ అనిపించుకున్నావు. నన్ను ఒక్కసారైనా అల్లుడుగారూ అన్నాడా? నా షెడ్డులో పనివాళ్ళ ముందు కూడా వెధవా అనే పిలుస్తాడు. నువ్వొచ్చినప్పుడు లేచి నిలబడేవాడు చూడు, అప్పుడు నాకెలా ఉండేదో తెలుసా?"

పెద్దల్లుడి చేతిలో స్పానరు ఆగింది. ఆ మాట అతడికి ఎన్నడూ తట్టలేదు.

ముసలాయన చెవి సంగతి చిన్నల్లుడు మరిచిపోయాడు. కుర్చీలోంచి గొంతు వినిపించింది: "అంతేనా తమరి బాధ? చిన్నల్లుడుగారూ, దయచేసి తమరు లైటు సరిగ్గా పట్టుకోండి. మీ అన్నగారికి కనబడడం లేదు."

అందరూ నవ్వారు. బండి కింద పెద్దల్లుడూ నవ్వాడు. కానీ "చిన్నల్లుడుగారూ" అన్న పిలుపు విన్నచోట, గుండెకు ఎడమపక్కన, సన్నగా ఒక పోటు కదిలి వెళ్ళింది. మొన్నటిదాకా ఆ "గారు" తనది. అతడు దాన్ని గుర్తుపట్టాడు, పళ్ళు బిగించాడు, నట్టు కూడా బిగించాడు.

ఆఖరి నట్టు అయ్యాక మామగారు వెనక సీట్లో అత్తగారిని కూర్చోబెట్టి, వీధి చివరి గతుకుదాకా తానే నడిపించుకు వెళ్ళి వచ్చారు. కీచుమన్న చప్పుడు లేదు. అత్తగారు దిగి, నడుం మీద చేయి వేసుకోకుండానే లోపలికి నడిచింది. పెద్దల్లుడు అది చూసి గోనెపట్టా మీదే కూలబడ్డాడు.

అప్పుడు కారు దగ్గరనుంచి మామగారు జేబులు తడుముకుంటూ కేకేశారు: "ఒరేయ్, నా కళ్ళజోడు ఎక్కడ తగలేశానో చూడరా!"

ఇద్దరల్లుళ్ళూ ఒక్కసారే లేచారు. పెద్దల్లుడు గ్రీజు మోచేత్తో తోడల్లుణ్ణి వెనక్కి నెట్టాడు.

"నన్ను పిలిచాడు," అన్నాడు. "నువ్వు కూర్చో."